పోలీసు యాక్షనా? యుద్ధమా?
(సైనిక చర్యలకు పేరు పెట్టడం, పెట్టకపోవడం వెనుక కథ)

2025 మే నెలలో ఒక సాయంత్రం నంద్యాలలో మా పెన్షనర్లం పది మందిమి ఒకచోట కూర్చొని పత్రికలు తిరగవేస్తున్నాము. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. అందుకు జవాబుగా మే 7 తెల్లవారుజామున మన సైన్యం దాడులు జరిపింది. ప్రభుత్వం దానికి "ఆపరేషన్ సిందూర్" అని పేరు పెట్టింది. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల నుదుటి కుంకుమ ఆ పేరులో కనిపిస్తున్నది. దాడి ఎందుకు జరిగిందో వేరే చెప్పనక్కర లేకుండా ఆ ఒక్క మాటే చెబుతున్నది.

అందరూ ఆ పేరు గురించే మాట్లాడుతుండగా, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకొని ఇలా అడిగారు: "ఇప్పుడు పేరు బాగనే పెట్టినారు సార్. మరి నిజాం మీదికి మన మిలిటరీ పోయినప్పుడు దాన్ని పోలీసు యాక్షన్ అన్నారు గదా! ట్యాంకులు పోయినాయి, ఇమానాలు పోయినాయి. దాంట్లో పోలీసులు యాడుండారు?"

అందరం నవ్వాము గాని ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న మీదనే ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు నా మీద భారం పెట్టారు.

నేను చరిత్ర పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ఖజానా శాఖలో బిల్లులు చూసి రిటైరైన వాణ్ణి. అయితే ఖజానాలో పనిచేసిన వానికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఒక ఖర్చును ఏ పద్దు క్రింద వ్రాశారన్నదాన్ని బట్టే దాని జాతకమంతా నడుస్తుంది. ఎవరు మంజూరు చేయాలి, ఎవరు సంజాయిషీ చెప్పుకోవాలి, ఎవరికి ఎంత ముట్టాలి అన్నవన్నీ ఆ పద్దు పేరులోనే ఉంటాయి. ప్రభుత్వాలు తమ సైనిక చర్యలకు పెట్టే పేర్లు కూడా ఇటువంటి పద్దుల పేర్లేనని నా అభిప్రాయం. ఆ సంగతి మన ఊళ్ల చరిత్రతోనే మొదలుపెట్టి చెబుతాను.

మన కోవెలకుంట్ల ఖజానా

1839లో నంద్యాల ప్రాంతం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలుబడిలో ఉండేది. నవాబు కోటలో ఆయుధాలు పోగు చేస్తున్నాడని ఈస్టిండియా కంపెనీకి అనుమానం వచ్చింది. కంపెనీవారు యుద్ధం ప్రకటించలేదు. "విచారణ జరపడానికి" కమిషనర్లను పంపుతున్నామన్నారు. ఆ కమిషనర్ల వెంట పెద్ద సైన్యం వచ్చింది. 1839 అక్టోబరు 18న కర్నూలు దగ్గరి జోహరాపురం వద్ద పోరాటం జరిగి నవాబు పట్టుబడ్డాడు. ఆయనను తిరుచినాపల్లికి పంపివేశారు. రాజ్యం కంపెనీ పరమైంది. ఎంక్వయిరీ కమిషన్ల సంగతి తెలిసిన మనకు ఇది చోద్యంగానే తోస్తుంది. ఫిరంగులతో వచ్చిన ఎంక్వయిరీ అది!

మరో ఏడేళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ నడిచింది. ఆ కథ మొదలయ్యింది ఒక పింఛను గొడవతోనే. పెన్షనర్లమైన మనం అది గుర్తు పెట్టుకోవాలి.

1800లో నిజాం ఈ దిక్కు సీమలను కంపెనీకి ఇచ్చివేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల అధికారాలు తీసివేశాడు. వారి కుటుంబాలకు నెలనెలా కొంత సొమ్ము ఏర్పాటు చేశారు. దాన్నే "తవర్జీ" అనేవారు. నరసింహారెడ్డి నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి దౌహిత్రుడు. వాటాలు పంచగా నరసింహారెడ్డి వంతుకు వచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం వారి తవర్జీ వారసుడు లేడని ఆగిపోయింది. తన సొమ్ము తెమ్మని పంపిన మనిషిని కోవెలకుంట్ల తాసిల్దారు అవమానించి పంపాడని మన పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే కాలంలో గ్రామాల కావలి కాసే కట్టుబడి బంట్రోతుల మాన్యాలను, వారు చనిపోగానే, కంపెనీ స్వాధీనం చేసుకోసాగింది. తిండి పోయిన ఆ బంట్రోతులు నరసింహారెడ్డి పక్షాన చేరారు.

1846 జూలైలో ఆయన మనుషులు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. పోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలు అని లెక్కలో ఉంది. కంపెనీ ఉద్యోగులు పైసలు కూడా విడువకుండా లెక్క వ్రాసుకున్నారు. అయితే అటు తరువాత కడప కలెక్టరు కాక్రేన్ ఆజ్ఞపై కెప్టెన్ నాట్, లెఫ్టినెంటు వాట్సన్ దళాలతో నెలల తరబడి జరిపిన ఆ గాలింపుకూ పోరాటాలకూ "యుద్ధం" అన్న పేరు మాత్రం ఇవ్వలేదు. అక్టోబరు 6న పేరుసోమల కొండల్లో నరసింహారెడ్డిని పట్టుకున్నారు. తిరుగుబాటు, హత్య, దోపిడీ అన్న నేరాలు మోపి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆ తలను 1877 వరకు కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు.

యుద్ధమని ఎందుకు అనలేదు? యుద్ధం సమానుల మధ్య జరుగుతుంది. పట్టుబడినవాడు యుద్ధఖైదీ అవుతాడు. ఎదుటివానితో సంధి మాట్లాడవలసి ఉంటుంది. "దోపిడీ" అంటే ఆ చిక్కేమీ లేదు. మేజిస్ట్రేటు, ఉరికంబం చాలు. పైగా యుద్ధం అని వ్రాస్తే ఈ సీమను కంపెనీ సరిగా ఏలలేకపోయిందని మద్రాసులోనూ లండన్‌లోనూ అడుగుతారు. నేరం అని వ్రాస్తే తప్పంతా నరసింహారెడ్డి మీదకే పోతుంది. ఆనాటి సర్కారు అందుకే చిన్న పద్దులో వ్రాసుకున్నది.

జనం మాత్రం ఆ పద్దును ఒప్పుకోలేదు. పాటలు కట్టి పాడుకున్నారు. మా చిన్నతనంలో ఆళ్లగడ్డ సంతకు వచ్చే భిక్షుకులు ఆ పాట ఎత్తుకుంటే బండ్లు నిలిపి వినేవారు. 2021 మార్చిలో ప్రారంభించిన ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. కంపెనీ లెక్కలో దోపిడీదారు స్వాతంత్ర్యవీరుడు కావడానికి 175 సంవత్సరాలు పట్టిందన్నమాట.

1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికీ అదే జరిగింది. మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించి అణచిన ఆ పోరాటాన్ని సర్కారు కాగితాలు "పితూరీ" అన్నాయి. మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు విప్లవం అంటున్నాయి.

1948: ఒకే చర్యకు రెండు పేర్లు

ఇక పెద్దాయన ప్రశ్నకు వద్దాము. 1948లో మన కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. తుంగభద్ర దాటితే అలంపురం. అది నిజాం రాజ్యం. నల్లమల దాటి కృష్ణకు ఆవలి గట్టు కూడా నిజాం రాజ్యమే. రజాకార్ల బాధ పడలేక ఏటికి ఆవలి నుంచి జనం మూటాముల్లెతో కర్నూలు దిక్కుకు వచ్చేవారు. సంస్థానం చుట్టూ ఉన్న మన ప్రాంతాలలో కాంగ్రెసువారు సరిహద్దు క్యాంపులు నడిపారు. 1991లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన ప్రధాని పి.వి.నరసింహారావుగారు కూడా ఆ రోజుల్లో చాందా క్యాంపులో పనిచేసినవారే.

1947 నవంబరు 29న నిజాంతో భారత ప్రభుత్వం చేసుకున్న యథాతథ ఒప్పందం ఏడాది కూడా నిలువలేదు. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మన సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. షోలాపూరు వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి నాయకత్వంలో ప్రధాన దళం నడిచింది. విజయవాడ వైపు నుంచి మరొక దళం నడిచింది. ట్యాంకులు, ఫిరంగులు, యుద్ధవిమానాలు అన్నీ ఉన్నాయి. 17వ తేదీన నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు.

దీనికి సైన్యం పెట్టుకున్న పేరు "ఆపరేషన్ పోలో". లోకానికి చెప్పిన పేరు "పోలీసు చర్య". ఒకటి లోపలి పేరు, రెండవది బయటి పేరు. ఈ రెంటికీ పని వేరు.

లోపలి పేరు గుట్టు కోసం. టెలిఫోనులోనో తంతిలోనో శత్రువు విన్నా అర్థం కాకుండా ఉండాలి. అందుకని దానికి విషయంతో సంబంధం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. హైదరాబాదులో పోలో ఆట మైదానాలు ఎక్కువగా ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజమైతే అది గుట్టు సరిగా దాచే పేరు కూడా కాదు! మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు ఇటువంటి మారుపేర్లు వాడారు. రెండవ యుద్ధం నాటికి అన్ని దేశాలకూ అలవాటైంది. 1943లో బ్రిటిషు ప్రధాని చర్చిల్ ఈ పేర్ల మీద ఒక ఉత్తర్వు కూడా జారీ చేశాడు. వేల మంది ప్రాణాలు పోగల దాడికి గొప్పలు చెప్పుకొనే పేరూ పెట్టవద్దు, వేళాకోళపు పేరూ పెట్టవద్దు, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ పేరు చెప్పుకోవలసి వస్తుందని గుర్తుంచుకోండి అన్నది దాని సారాంశం. అప్పటికే ఆయనకు పేరు అనేది సైన్యం సొంత సరుకు కాదనీ, ఇంటింటికీ చేరుతుందనీ తెలుసు.

బయటి పేరు చట్టం కోసం, లోకం కోసం. భారత ప్రభుత్వం "యుద్ధం" అని ఉంటే, నిజాంను ఒక స్వతంత్ర దేశపు ప్రభువుగా ఒప్పుకున్నట్టయ్యేది. నిజాం కోరుతున్నదీ అదే. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు పారిస్‌లో మండలి ముందుకు వచ్చింది సెప్టెంబరు 16న. అప్పటికి మన సైన్యం హైదరాబాదు వైపు సాగిపోతూనే ఉంది. అదే ఏడాది జనవరి నుంచి కాశ్మీరు తగాదా కూడా అక్కడే నలుగుతున్నది. రెండో తగాదా అదే గుమ్మం ఎక్కడం ఢిల్లీకి ఇష్టం లేదు. సమితి నిబంధనల ప్రకారం ఒక దేశపు ఇంటి వ్యవహారంలో సమితి తలదూర్చరాదు. దేశంలోపల శాంతిభద్రతలు కాపాడేది పోలీసులు. కనుక ఇది పోలీసు చర్య. పోలీసులు వెళ్లారా, సైనికులు వెళ్లారా అన్నది ప్రశ్న కాదు. ఏ పద్దు క్రింద వెళ్లారన్నదే ప్రశ్న. పెద్దాయన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. వారం రోజులు తిరక్కముందే నిజాం తన ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. పద్దు నిలబడింది.

ఇంకొక కారణం కూడా ఉండి ఉండాలి. దేశవిభజన మంటలు ఆరి ఏడాదే అయింది. నిజాం మీద "యుద్ధం" అన్న మాట వినిపిస్తే దేశంలో మిగతాచోట్ల మతకలహాలు రేగవచ్చు. "పోలీసు చర్య" అంటే రజాకార్ల అల్లరిని అదుపు చేయడం అన్న అర్థం వస్తుంది. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు.

ఇతర దేశాల వారి పద్దులు

ఆ మాట మనవారు కొత్తగా కనిపెట్టింది కాదు. 1947 జూలైలో డచ్చివారు ఇండోనీసియా మీదికి సైన్యాన్ని పంపి దాన్ని "పోలీసు చర్య" అన్నారు. అది మా ఇంటి వ్యవహారమని వాదించారు. సైన్యం లోపల దానికి మరో మారుపేరు ఉండేది. ఆ వాదాన్ని ఒప్పుకోకుండా భద్రతా మండలికి తీసుకెళ్లిన దేశాలు రెండు. ఒకటి ఆస్ట్రేలియా, రెండవది మన భారతదేశమే! 1948 డిసెంబరులో డచ్చివారు రెండోసారి అదే పేరుతో దాడి చేస్తే, 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో దేశాల సమావేశం జరిపి ఖండించారు. అప్పటికి మన పోలీసు చర్య జరిగి నాలుగు నెలలు. హైదరాబాదు భారతదేశం నడుమ ఉన్న సంస్థానం, ఇండోనీసియా సముద్రాల ఆవల ఉన్న వలసరాజ్యం. రెండూ ఒకటి కావు. కాని పేరు ఒకటే అయినప్పుడు పేరును బట్టి తీర్పు చెప్పరాదని మాత్రం తెలుస్తున్నది. డచ్చివారు తమ సైన్యం అక్కడ చేసిన అత్యాచారాలకు 2022లో క్షమాపణ చెప్పుకున్నారు.

1950లో కొరియాలోకి అమెరికా సైన్యాన్ని పంపినప్పుడు పత్రికల వారు అధ్యక్షుడు ట్రూమన్‌ను అడిగారు. సమితి తరఫున జరిగే పోలీసు చర్య అనవచ్చా అంటే, అవునన్నాడు. యుద్ధం ప్రకటించాలంటే అమెరికాలో కాంగ్రెసు అనుమతి కావాలి. ఆ "పోలీసు చర్య" మూడేళ్లు సాగి 36 వేలకు పైగా అమెరికన్ సైనికుల ప్రాణాలు తీసింది. కొరియన్ల లెక్క లక్షల్లో ఉంది.

ఫ్రాన్సు వారైతే 1954 నుంచి 1962 వరకు అల్జీరియాలో జరిగిన దాన్ని "సంఘటనలు" అన్నారు. ఆ పేరు వల్ల నష్టపోయింది వారి సైనికులే. యుద్ధమే జరగలేదు కనుక అక్కడ పోరాడి వచ్చినవారికి యుద్ధ సైనికుల గుర్తింపు దొరకలేదు. 1974 దాకా అర్జీలు పెట్టుకుంటూ తిరిగితే గాని గుర్తింపు కార్డులు రాలేదు. అది యుద్ధమేనని చట్టంలో వ్రాయడానికి 1999 దాకా పట్టింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసి "ప్రత్యేక సైనిక చర్య" అన్నది. దాన్ని యుద్ధమన్న సొంత ప్రజల మీదనే కేసులు పెట్టింది.

మన ప్రభుత్వాల అలవాట్లు

స్వతంత్ర భారతంలో పేర్ల వరస చూస్తే ఒక మార్పు కనబడుతుంది. మొదట్లో పేరు గుట్టు కోసం. క్రమంగా అదే ప్రచారం కోసం అయింది. 1961 డిసెంబరులో గోవాను విడిపించిన చర్య పేరు "ఆపరేషన్ విజయ్". 1999లో కార్గిల్ పోరాటానికీ అదే పేరు. కార్గిల్‌లో మనం యుద్ధం ప్రకటించలేదు. పాకిస్తాను కూడా వచ్చినవారు తమ సైనికులు కారని బుకాయించింది. ఐదు వందల మందికి పైగా మన జవాన్లు ప్రాణాలిచ్చిన పోరాటం ప్రకటన లేకుండానే జరిగింది.

1987లో శ్రీలంకకు వెళ్లిన మన సైన్యానికి "శాంతి పరిరక్షక దళం" అని పేరు. జాఫ్నా మీద వారు జరిపిన చర్యకు "ఆపరేషన్ పవన్" అని పేరు. 1990 మార్చిలో తిరిగి వచ్చే నాటికి వెయ్యి మందికి పైగా జవాన్లు చనిపోయారు. శాంతి అన్న పేరు ముందుగా పెట్టుకున్నందువల్ల, పోరు మొదలయ్యాక ఎందుకు చనిపోతున్నామో ఇంటివారికి వివరించడం కష్టమైంది.

ఇక పేరే లేదనడం మరొక పద్ధతి. 2009లో మావోయిస్టుల మీద జరిగిన గాలింపులను పత్రికలన్నీ "ఆపరేషన్ గ్రీన్ హంట్" అని వ్రాశాయి. అటువంటి పేరుతో ఏ ఆపరేషనూ లేదని, అది పత్రికల సృష్టి అని ఆనాటి హోం మంత్రి చిదంబరం అన్నారు. సొంత పౌరుల మీద జరిగే చర్యకు పేరు పెడితే అది యుద్ధంలా కనబడుతుంది. ఎన్నాళ్లు సాగింది, ఎంత ఖర్చయింది, ఎందరు పోయారు అన్న లెక్కలు ఆ పేరు చుట్టూ పోగవుతాయి. పేరు లేకపోతే అవన్నీ ఏ జిల్లాకు ఆ జిల్లా, ఏ స్టేషనుకు ఆ స్టేషను చెదిరిపోతాయి. నల్లమల అంచున బ్రతికిన మనకు, గాలింపుల కాలంలో రాత్రివేళ బస్సులు నడవని రోజులు చూసిన మనకు, ఇది వివరించి చెప్పనక్కర లేదు.

మొత్తం మీద నాకు కనబడిన సూత్రం ఇది. ఇతరులకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినప్పుడు ప్రభుత్వం చిన్న పేరు వెదుకుతుంది. సొంత ప్రజల మెప్పు కావలసి వచ్చినప్పుడు పెద్ద పేరు వెదుకుతుంది. రెండూ అక్కరలేనప్పుడు పేరే పెట్టదు.

పేరుకూ పింఛనుకూ ఉన్న ముడి

"ఈ పేర్లతో మనకేమి పని?" అని కొందరు సభ్యులు అడగవచ్చు. పని ఉన్నది.

సైనికుల కుటుంబ పింఛను నియమాలు చూడండి. మామూలుగా చనిపోయిన సైనికుని భార్యకు సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. సేవా కారణాల వల్ల చనిపోతే ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం. యుద్ధంలోనో, అటువంటిదని గుర్తించిన చర్యలోనో చనిపోతే ఉదార కుటుంబ పింఛను, చివరి జీతమంత. 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వులో మరణాలను ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులు చేశారు. ఆఖరు తరగతిలో యుద్ధంతోపాటు "ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ఆపరేషన్లు" కూడా ఉన్నాయి. అంటే ఒక చర్యకు పేరు పెట్టి నోటిఫై చేశారా లేదా అన్నదాని మీద కూడా ఒక ఇంటి పొయ్యి వెలగడం ఆధారపడి ఉంటుంది. ఒకే రకం తుపాకి దెబ్బ, ఒకే రకం దుఃఖం. తేడా కాగితం మీది మాటలో ఉంది.

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను సంగతీ అంతే. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ పథకంలో ఏయే ఉద్యమాలను స్వాతంత్ర్యోద్యమాలుగా గుర్తిస్తారన్నదానికి జాబితా ఉంది. హైదరాబాదు సంస్థాన ఉద్యమాన్ని తరువాతి కాలంలో అందులో చేర్చారు. సరిహద్దు క్యాంపులలో ఉన్నవారు కూడా అర్హులయ్యారు.

ఆ రోజుల్లో నేను చూసిన ఒక ముఖం మరువలేను. ఏటికి ఆవలి ఊరివాడు, నంద్యాలలో కూతురి దగ్గర ఉంటున్న ముసలాయన. అర్జీ కాగితం పట్టుకొని ఒక కార్యాలయం ముందు టీ బంకు దగ్గర కూర్చొని ఉంటే నేనే వ్రాసిపెట్టాను. "ఏ ఉద్యమంలో పాల్గొన్నారు?" అన్న గడి దగ్గర ఆగాను. "ఉద్యమం అని మాకు తెల్వదు నాయనా. రజాకార్లొస్తే పారిపోయొచ్చినం. క్యాంపుల ఉన్నం. తుపాకి మోసినం. పోలీసు యాక్షన్ అయినంక ఇంటికి పోయినం," అన్నాడు. ఆ గడిలో "పోలీసు యాక్షన్" అని వ్రాస్తే చెల్లదు. అది ప్రభుత్వం చేసిన పని, ఆయన చేసింది కాదు. "హైదరాబాదు విముక్తి ఉద్యమం" అని వ్రాశాను. చదివి వినిపిస్తే ఆయన ఆ మాటను రెండు మూడు సార్లు తనలో తాను అనుకొని, "అట్ల అంటరా దాన్ని?" అన్నాడు. తాను చేసిన పనికి నలభై ఏళ్ల తరువాత పేరు విన్నాడు ఆయన. సాక్ష్యాధారాలు చాలవని ఆ అర్జీ తిరిగి వచ్చింది. ఆయన మళ్లీ ఆ కార్యాలయం దిక్కు రాలేదు.

పేరులేని వారి లెక్క

"పోలీసు చర్య" అన్న మాట వెనుక మరుగుపడిన ఇంకొక లెక్క ఉన్నది. సైన్యం ప్రవేశించిన తరువాతి రోజుల్లో సంస్థానంలోని కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడులలో ముస్లిముల మీద దారుణాలు జరిగాయి. విచారించి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని వారు అంచనా వ్రాసి ఇచ్చారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఆరు దశాబ్దాలు దాటాక గాని అది అందరికీ చదవడానికి అందుబాటులోకి రాలేదు. రజాకార్ల చేతుల్లో చనిపోయిన వారిని తలచుకోవడం ఎంత న్యాయమో, వీరిని తలచుకోవడం కూడా అంతే న్యాయం. పోలీసు చర్యలో చచ్చిపోయేవారు వేలల్లో ఉండరు. అంతమంది పోయారని ఒప్పుకుంటే ఆ పేరు నిలువదు. పేరును నిలుపుకోవడానికి నివేదికను బీరువాలో పెట్టారని అనుకోవలసి వస్తున్నది.

తెలంగాణ రైతాంగ పోరాటంలో తుపాకి పట్టినవారి సంగతి చూడండి. సెప్టెంబరు 17కు ముందు వారు నిజాంతో పోరాడిన వారు. తరువాత అదే తుపాకితో 1951 అక్టోబరు దాకా పోరాడితే, ప్రభుత్వపు లెక్కలో తిరుగుబాటుదారులు. మనిషి అతడే, అడవి అదే. పద్దు మారింది.

ఆ తేదీ పేరు నేటికీ తేలలేదు. 2022 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం దాన్ని "విమోచన దినం"గా జరిపింది. అదే రోజు అదే హైదరాబాదులో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం "జాతీయ సమైక్యతా దినం"గా జరిపింది. 2024లో తరువాతి ప్రభుత్వం "ప్రజాపాలన దినోత్సవం" అన్నది. పాత నగరపు ముసలివారు ఉర్దూలో దాన్ని "సుకూత్" అంటారు. అంటే పతనం. పల్లెల్లో ఎవరినైనా అడిగితే మాత్రం, "మా అక్క పోలీసు యాక్షన్ నాడు పుట్టింది" అంటారు. వారికి అది కాలం కొలిచే గుర్తు.

ముగింపు

ప్రభుత్వం పెట్టిన పేరే శాశ్వతమా? కాదనడానికి మన నంద్యాలే సాక్ష్యం.

1800లో నిజాం తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుల క్రింద ఈ దిక్కు సీమలను ఇంగ్లీషువారికి ఇచ్చివేశాడు. ఇచ్చివేసిన సీమలు కనుక "దత్తమండలాలు" అన్నారు. ఒక సైన్యం జీతాల బిల్లు క్రింద జమ అయిన నేలకు ఆ బిల్లు పేరే పెట్టారన్నమాట. 128 సంవత్సరాలు ఆ పేరుతోనే బ్రతికాము. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు మనకు వద్దని, "రాయలసీమ" అనాలని ప్రతిపాదించారు. ఏ దొర ఉత్తర్వు ఇవ్వలేదు. జనం నోట ఆ పేరు నిలిచింది. నేడు "దత్తమండలాలు" అంటే మన మనవళ్లకు తెలియదు.

కాబట్టి సభ్యులకు నా మనవి ఒకటే. మన ఇళ్లలో పోలీసు యాక్షన్ చూసినవారు, 1965, 1971 యుద్ధాలకు వెళ్లివచ్చినవారు, శ్రీలంక, కార్గిల్ వెళ్లినవారు, వారి భార్యలు, తోబుట్టువులు ఇంకా కొందరు ఉన్నారు. వారు చెప్పేది వ్రాసి పెట్టండి. ఏ ఊరి నుంచి ఎవరు వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు, ఇంటికి వచ్చిన కాగితంలో ఏ పేరు ఉన్నది, ఇంటివారు దాన్ని ఏమని పిలిచారు, ఈ నాలుగు వ్రాసినా చాలును. మన పిల్లలు సెల్‌ఫోనులో మాట రికార్డు చేసి ఇవ్వగలరు. సర్కారు పద్దు సర్కారు వ్రాసుకుంటుంది. ఇంటి పద్దు మనమే వ్రాసుకోవాలి.

ఆళ్లగడ్డ పెద్దాయనకు ఈ వ్యాసం మొదటి ప్రతి చదివి వినిపించాను. అంతా విని, "అయితే పోలీసులు లేరన్న మాట," అన్నారు. లేరు పెద్దాయనా, ఆ పేరు ఒక్కటే ఉన్నది.